ద్రాక్షాపాకం, నారికేళపాకం: బర్గండీ సైకిల్–వైన్ పర్యటన ఒక పాఠ్యంగా

వ్యాససంగ్రహం

పల్లెదారుల మీద సైకిలు తొక్కించి, ద్రాక్షతోటల సొంతదారుల నేలమాళిగల్లో వైన్ రుచి చూపించే ఒకరోజు పర్యటనలు నేటి యూరపు పర్యాటకంలో స్థిరపడిన ఒక ప్రక్రియ. ఫ్రాన్సు దేశపు బర్గండీ ప్రాంతంలో, బోన్ పట్టణం కేంద్రంగా సాగే ఇటువంటి పర్యటనల సాధారణ నిర్మాణాన్ని ఒక పాఠ్యంగా చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. మన అలంకారశాస్త్రంలోని పాకభావన, వ్యాఖ్యాన సంప్రదాయం, రసచర్చ ఇందుకు సాధనాలు. ఈ పర్యటన ప్రత్యక్షానుభవాన్ని వాగ్దానం చేస్తుంది. ఆ అనుభవాన్ని నిర్మించేది మార్గదర్శి వ్యాఖ్యానం. ఆ వ్యాఖ్యానం దేనిని అనవసరమని విడిచిపెడుతున్నది అన్నదే విమర్శకుడు అడగవలసిన ప్రశ్న అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: యాత్రాసాహిత్యం, పర్యాటకం, బర్గండీ, వైన్, పాకం, వ్యాఖ్యానం, శ్రమ, క్రీడాభిరామం.

1. ఉపోద్ఘాతం

ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర మొదలుకొని తెలుగులో యాత్రాసాహిత్య విమర్శ ప్రధానంగా యాత్రికుని రచన చుట్టూ తిరిగింది. యాత్రికుడు ఏమి చూశాడు, ఎలా చెప్పాడు, అతని దృష్టిలో ఆ కాలపు సమాజం ఎలా కనిపించింది అన్నవి మన పరిశోధకులు అడిగిన ప్రశ్నలు. 1830–31 సంవత్సరాలలో వీరాస్వామయ్య ప్రయాణించిన దారిలో మజిలీలను, నీటివసతిని, దినుసుల లభ్యతను ఆయనే విచారించి నమోదు చేసుకోవలసి వచ్చింది. అందువల్ల యాత్ర, యాత్రారచన రెండింటికీ ఆయనే కర్త అనడం సబబు.

ఏర్పాటైన పర్యటనలో ఈ స్థితి మారుతుంది. యాత్రికుడు కలం పట్టకముందే ఒక పాఠ్యం సిద్ధంగా ఉంటుంది. ఏ దారిన వెళ్ళాలి, ఎక్కడ ఆగాలి, ఆగినచోట ఏ కథ వినాలి, ఏ పూట ఏమి తినాలి అన్నవన్నీ ముందే రాసిపెట్టి ఉంటాయి. యాత్రికుడు తరువాత రాసేది ఆ తొలిపాఠ్యానికి ఒక టీక మాత్రమే. కాబట్టి టీకను చదివే విమర్శ మూలాన్ని కూడా చదవాలి.

పర్యాటకాన్ని ఇలా చదివే పద్ధతి పాశ్చాత్య విమర్శలో కొత్తది కాదు. డీన్ మెక్‌కానెల్ 1976లో ప్రకటించిన ‘ది టూరిస్ట్’ గ్రంథంలో, ఒక స్థలం చూడదగిన స్థలంగా మారడానికి దానిని అలా సూచించే గుర్తులు కావాలని ప్రతిపాదించాడు. జాన్ అరీ 1990లో ‘ది టూరిస్ట్ గేజ్’ గ్రంథంలో పర్యాటకుని చూపు సామాజికంగా ఏర్పడినదని వివరించాడు. అంతకుముందే 1957లో రొలాఁ బార్త్ తన ‘మిథాలజీస్’ సంపుటిలో వైన్ మీద ఒక వ్యాసం, టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెం మీద మరొక వ్యాసం చేర్చాడు. ఆ పందెంలో పర్వతాలు పాత్రలుగా మారి, పోటీ ఒక ఇతిహాసంగా రూపొందుతుందని ఆయన చూపాడు. వైన్‌ను ఫ్రెంచి జాతి తన సొంత ఆస్తిగా భావించుకునే పానీయంగా విశ్లేషించాడు. అక్కడ వేరువేరు వ్యాసాల్లో ఉన్న సైకిలు, వైన్ ఇక్కడ ఒకే దినచర్యలో కలిశాయి.

ఈ వ్యాసం ఏ ఒక్క సంస్థ నిర్వహించే పర్యటననూ సమీక్షించదు. ఆ దారిలో సాగే ఒకరోజు పర్యటనలకు సాధారణంగా ఉండే క్రమాన్నే పరిశీలిస్తుంది.

2. పర్యటన నిర్మాణం: దారి చెప్పే కథ

బోన్ పట్టణం నుంచి దక్షిణంగా సాంత్నే గ్రామం వరకు సుమారు 20 కిలోమీటర్ల సైకిలు దారి ఉంది. దాని పేరు ‘వ్వా దె వీన్’, అంటే ద్రాక్షతోటల దారి. పొమ్మార్, వోల్నే, మెర్సో, పులిన్యీ-మోంరాషే, షసాన్-మోంరాషే గ్రామాల మీదుగా అది సాగుతుంది. పర్యటన క్రమం స్థూలంగా ఇలా ఉంటుంది. ఉదయం పట్టణంలో సమావేశం, సైకిళ్ళు, శిరస్త్రాణాల పంపిణీ, తోటల మధ్య ప్రయాణం, ఒక నేలమాళిగలో తొలి ఆస్వాదన, మధ్యాహ్న భోజనం, మరొక గ్రామంలో మలి ఆస్వాదన, సాయంత్రానికి తిరుగు ప్రయాణం.

ప్రబంధసాహిత్యంతో పరిచయం ఉన్నవారికి ఈ క్రమం చిరపరిచితంగా తోస్తుంది. ఆలంకారికులు చెప్పిన అష్టాదశ వర్ణనలలో శైలం, ఉద్యానం, ప్రయాణం, మధుపానం అనే నాలుగు వర్ణనలు ఈ ఒక్క రోజులో ఇమిడి ఉన్నాయి. ప్రబంధకవి ఈ వర్ణనలను కథాసూత్రంతో కూర్చినట్లే పర్యటనకర్త వాటిని దారితో కూర్చుతాడు. ప్రబంధంలో మధుపానం విహారానికి ఫలశ్రుతి వంటిది. ఇక్కడ అది శ్రమకు ప్రతిఫలం. మోకాళ్ళు నొప్పి పుట్టేదాకా తొక్కిన తరువాత అందుకునే గ్లాసును పర్యాటకుడు తాను సంపాదించుకున్నదిగా భావిస్తాడు. కొండ ఎక్కి దర్శనం చేసుకున్న భక్తుని తృప్తికి ఇది లౌకిక రూపం.

సైకిలుకు ఈ పాఠ్యంలో మరొక పని కూడా ఉంది. బర్గండీ తోటలు తూర్పుముఖంగా వాలిన ఒక కొండచరియ మీద పరచుకుని ఉంటాయి. అత్యున్నత శ్రేణి తోటలు సాధారణంగా వాలు నడిమి భాగంలో ఉంటాయి. కింద మైదానం వైపు దిగేకొద్దీ గ్రామం పేరుతోనో, మొత్తం ప్రాంతం పేరుతోనో అమ్ముడుపోయే సామాన్య శ్రేణులు వస్తాయి. కారులో వెళ్ళేవారికి ఈ వాలు ఒక దృశ్యం. సైకిలు తొక్కేవారికి అది పిక్కలకు తెలిసే సత్యం. ఎత్తు పెరిగినప్పుడు ఊపిరి బరువెక్కడం, మట్టిరంగు మారడం, రాతిగోడల నీడ చల్లగా తగలడం, తోటలో వంగి పనిచేస్తున్న మనిషి ముఖం కనిపించేంత నెమ్మదిగా కదలడం సైకిలు ఇచ్చే జ్ఞానం. ఈ పర్యటనలోని అసలైన బలం ఇదే. దీనిని తక్కువ చేసి చూపడం విమర్శ కాదు.

3. రెండు పాకాలు: మార్గదర్శి వ్యాఖ్యాతగా

ఓరుగంటి ప్రతాపరుద్రుని ఆస్థానంలో విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయం కావ్యపాకాలను వివరిస్తూ ద్రాక్షాపాకాన్ని, నారికేళపాకాన్ని పేర్కొన్నది. లోపలా వెలుపలా రసం స్ఫురించేది ద్రాక్షాపాకం. రసం లోపల దాగి, పెంకు పగలగొడితే గాని అందనిది నారికేళపాకం. ద్రాక్షపండును నోట వేసుకోవడమే ఆలస్యం, రుచి తెలుస్తుంది. మన కవిత్వవిచారంలో ద్రాక్ష సులభత్వానికి గుర్తు.

బర్గండీలో ఆ ద్రాక్షే నారికేళమైంది. ఇక్కడి ఎర్ర వైన్‌కు ప్రధానంగా పినో నువార్, తెల్ల వైన్‌కు షార్దొనే అనే రకాలు వాడతారు. ఒకే రకం ద్రాక్ష, ఒకే ఊరు, మధ్యలో ఒక బండిబాట మాత్రమే అడ్డం. అయినా బాటకు ఇవతలి వైన్ ధరకు, అవతలి వైన్ ధరకు ఎన్నో రెట్ల తేడా ఉంటుంది. ఈ చిన్నచిన్న కమతాలను అక్కడ ‘క్లిమా’ అంటారు. ఇటువంటి 1,247 క్లిమాలతో కూడిన భూభాగాన్ని 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ప్రాంతం, గ్రామం, ప్రథమశ్రేణి, మహాశ్రేణి అనే మెట్లలో పై మెట్టు మీద ఉన్నవి 33 మాత్రమే.

ఈ తేడాలు కంటికి కనిపించవు. రాతిగోడ మీద చెక్కిన పేరు తప్ప బాటకు రెండువైపులా ఉన్న తీగలు ఒకేలా ఉంటాయి. కాబట్టి పెంకు పగలగొట్టే మనిషి కావాలి. ఆ మనిషి మార్గదర్శి. అతడు తోటను పదవిభాగం చేస్తాడు, వాలును అన్వయిస్తాడు, గ్లాసులోని వైన్‌కు తాత్పర్యం చెబుతాడు. సున్నపురాయి, బంకమన్ను, నీరు ఇంకే తీరు, సూర్యరశ్మి పడే కోణం, మనిషి చేతిపని అన్నీ కలిసిన స్థలగుణాన్ని ఫ్రెంచివారు ‘తెర్వార్’ అంటారు. మార్గదర్శి చెప్పే మాటలన్నిటికీ ఆ పదమే కేంద్రం.

వ్యాఖ్యాతను పరీక్షించడానికి మనకు సొంత గీటురాయి ఉంది. ఆధారం లేనిది రాయననీ, అపేక్షితం కానిది చెప్పననీ మల్లినాథసూరి తన వ్యాఖ్యానాలకు నియమం పెట్టుకున్నాడు. ఈ రెండు నియమాలతో మార్గదర్శి ప్రసంగాన్ని పరీక్షించవచ్చు.

మొదటి నియమం ఆధారం. తోటల ఎల్లలను నిర్ణయించడానికి మధ్యయుగపు సన్యాసులు మట్టిని నాలుకతో రుచి చూశారన్న కథ ఈ ప్రాంతపు పర్యటనల్లో ప్రచారంలో ఉంది. వినడానికి ఇంపైన కథే. ఆధారమున్న చరిత్ర ఇంతకంటె ఆసక్తికరమైనది. 1395లో బర్గండీ ప్రభువు ఫిలిప్ ద బోల్డ్ గామే అనే ద్రాక్షరకాన్ని పీకివేయాలని శాసించాడు. అంటే ఇక్కడి రుచి ఒక రాజశాసనం వల్ల కూడా ఏర్పడింది. సిస్టెర్షియన్ సన్యాసులు సాగుచేసిన క్లో ద వూజో తోట ఒకే గోడ లోపల సుమారు 50 హెక్టార్ల విస్తీర్ణం కలది. ఫ్రెంచి విప్లవానంతరం అది చేతులు మారి, నేడు సుమారు 80 మంది సొంతదారుల మధ్య చీలి ఉంది. ఒకే పేరు, ఒకే గోడ, అయినా వైన్లు అనేకం. 1879లో పులిన్యీ గ్రామం తన పరిధిలోని ప్రసిద్ధ మోంరాషే తోట పేరును తన పేరుకు తగిలించుకున్నది. తెర్వార్ కేవలం మట్టిలో లేదని, శాసనాలలో, వారసత్వ పంపకాలలో, పేరుపెట్టే నేర్పులో కూడా ఉందని ఈ ఉదాహరణలు చెబుతాయి. మంచి మార్గదర్శి ఇవన్నీ చెబుతాడు. రెండవ నియమమైన అపేక్షను ఆరవ విభాగంలో పరిశీలిద్దాం.

4. మాట ముందా, రుచి ముందా?

ఆస్వాదనకు ఒక వ్యాకరణం ఉంది. మొదట గ్లాసును వంచి రంగు చూడాలి, తరువాత తిప్పి వాసన పీల్చాలి, ఆపైన నోట పట్టి నాలుక అంతటా పారించాలి, చివరకు తోచింది పలకాలి. ఈ పలకడమే కష్టం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో ఆన్ నోబుల్, ఆమె సహచరులు 1984లో ప్రకటించిన సువాసనల చక్రం, వైన్ వాసనలను పండ్లు, పూలు, సుగంధద్రవ్యాలు మొదలైన వర్గాలుగా విభజించి పదాలను స్థిరపరచింది. భాషాశాస్త్రవేత్త ఏడ్రియెన్ లేరర్ 1983లో ‘వైన్ అండ్ కాన్వర్సేషన్’ గ్రంథంలో వైన్ గురించి మాట్లాడేవారు పదాలను ఎలా వాడతారో పరిశీలించింది.

ఈ విషయంలో 2001లో ప్రచురితమైన ఒక ప్రయోగాన్ని సాహిత్య విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. మోరో, బ్రోషే, దుబూర్దియో అనే పరిశోధకులు బోర్దోలో వైన్ శాస్త్రం చదువుతున్న 54 మందికి ఒక తెల్ల వైన్‌ను ఇచ్చారు. అదే తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్రరంగు కలిపి మరొకసారి ఇచ్చారు. రంగు కలిపిన దానిని వర్ణించేటప్పుడు వారు ఎర్ర వైన్‌కు చెప్పే మాటలనే అధికంగా వాడారు. దీనిని బట్టి వైన్ పరిజ్ఞానమంతా బూటకమని తేల్చేవారున్నారు. అది తొందరపాటు. అలంకారం నేర్చిన పాఠకునికి పద్యంలో శ్లేష కనిపించినట్లే, ఆస్వాదకునికి తాను నేర్చిన పదాలు అనుభవాన్ని విడదీసి చూపుతాయి. కొన్నిసార్లు లేనిదాన్ని కూడా చూపుతాయి. ఇది వైన్‌కే కాదు, విమర్శకూ వర్తించే హెచ్చరిక.

భాష మారితే నాలుక పని కూడా కొంత మారుతుంది. ఎర్ర వైన్‌లోని టానిన్లు నోటిని బిగబట్టే గుణాన్ని ఆధునిక ఇంద్రియశాస్త్రం సాధారణంగా రుచుల్లో చేర్చదు, స్పర్శగా పరిగణిస్తుంది. మన షడ్రసాలలో కషాయం ఒక రసం, దానికి తెలుగులో వగరు అనే చక్కని మాట ఉంది. పచ్చివక్క, లేతమామిడిపిందె, నేరేడుపండు తిన్న నాలుకకు ఆ వగరు ఎన్ని తీరులుగా ఉంటుందో తెలుసు. తెలుగు యాత్రికుడు బర్గండీ నేలమాళిగలో నిలబడి తాను ఎన్నడూ తినని బ్లాక్‌కరెంట్ పండు పేరు పలకవలసిన పనిలేదు. నేరేడు వగరు అన్నా అది సరైన వర్ణనే. ఇంగ్లీషు పదాల జాబితాను లిప్యంతరీకరించి నింపిన యాత్రావ్యాసాలలో లోపించేది ఈ విశ్వాసమే.

5. మింగని రుచి

ఫ్రాన్సులో వాహనచోదకులకు రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల ఆల్కహాలు పరిమితి ఉంది. సైకిలు తొక్కేవారికీ అది వర్తిస్తుంది. కాబట్టి సైకిలు, వైన్ కలిసిన పర్యటనలో ఒక అంతర్గత వైరుధ్యం ఉంది. ఒకటి అదుపును కోరుతుంది, రెండవది అదుపును సడలిస్తుంది. ఈ వైరుధ్యానికి పరిష్కారం ఆస్వాదన బల్ల మీద ఉండే ఉమ్మిపాత్ర. రుచి చూసి ఉమ్మివేయడం అక్కడ మర్యాద, నిపుణుల లక్షణం కూడా. ఎంగిలి పట్టింపు ఉన్న మన సంస్కృతిలో పెరిగినవారికి ఇది మొదట వెగటుగా తోచినా, దానిలోని తాత్త్వికత గమనించదగినది. పానం నుంచి ఆస్వాదం వేరుపడుతున్నది.

నాట్యశాస్త్రంలో భరతుడు రసాన్ని వివరించడానికి భోజనాన్నే ఉపమానం చేసుకున్నాడు. పలు వ్యంజనాలతో కూడిన అన్నాన్ని భుజించే సుమనస్కులు రుచులను ఆస్వాదించి హర్షం పొందినట్లు, ప్రేక్షకులు స్థాయిభావాలను ఆస్వాదిస్తారని ఆయన చెప్పాడు. అక్కడ ఆస్వాదకుడు తింటాడు, తృప్తి పడతాడు. ఉమ్మిపాత్ర ముందర నిలిచిన ఆస్వాదకుడు ఆకలిని, మత్తును రెండింటినీ పక్కకు నెట్టి శుద్ధజ్ఞానాన్ని మాత్రమే కోరుతున్నాడు.

ఈ శుద్ధీకరణకు సామాజికమైన అర్థం కూడా ఉంది. పొద్దంతా పనిచేసిన కూలి తాగితే దానికి మన భాషలో తాగుడు అని పేరు. పొద్దంతా సైకిలు తొక్కిన పర్యాటకుడు తాగితే దాని పేరు టేస్టింగ్. ద్రవంలో ఉన్న ఆల్కహాలు ఒకటే. పేరులోని తేడా తాగేవాని అంతస్తుది. రెండు సందర్భాల్లోనూ చెమట ఉన్నదన్న సంగతి గుర్తుంచుకుంటే, ఎవరి చెమటకు గౌరవం దక్కుతున్నదో స్పష్టమవుతుంది.

6. కూలి లెక్కల పుస్తకం

ఇక మల్లినాథుని రెండవ నియమం. అపేక్షితం కానిది చెప్పకూడదన్నప్పుడు, ఏది అపేక్షితమో నిర్ణయించేది ఎవరు? పర్యటన ప్రసంగంలో శిల, వాన, ఎండ, సన్యాసి, ప్రభువు, సొంతదారు వంశవృక్షం అన్నిటికీ చోటు ఉంటుంది. కొమ్మలు కత్తిరించే చేతికీ, గెలలు కోసే వెన్నుకూ సాధారణంగా ఉండదు. ఉన్నా అది కోతల పండుగ వర్ణనగానే వస్తుంది. మేలి తోటల్లో కోత ఇప్పటికీ చాలావరకు చేతులతోనే జరుగుతుంది. తీగలు నేలకు దగ్గరగా ఉంటాయి కనుక అది రోజంతా నడుము వంచి చేసే పని.

ఈ మౌనం ఎంత అసహజమో ఆ స్థలపు చరిత్రే చెబుతున్నది. 2019లో టోమా లాబే, ఆయన సహపరిశోధకులు బోన్ ద్రాక్షకోతల తేదీలను 1354 నుంచి 2018 వరకు వరుసగా పునర్నిర్మించి ప్రకటించారు. 1354–1987 మధ్య సగటున సెప్టెంబరు 28 నుంచి మొదలైన కోతలు, 1988 తరువాత సగటున 13 రోజులు ముందుగా మొదలవుతున్నాయని వారు తేల్చారు. భూతాపం పెరుగుదలకు ఇది బలమైన సాక్ష్యం. ఈ తేదీలు వారికి ఎక్కడ దొరికాయన్నది మన చర్చకు ముఖ్యం. తొలి శతాబ్దాల తేదీలకు ప్రధాన ఆధారం బోన్‌లోని నోత్ర్‌దామ్ చర్చి లెక్కల పుస్తకాలు, వాటిలో కోతకూలీలకు చెల్లించిన కూలి పద్దులు. కూలి ఎప్పుడు చెల్లించారో తెలిస్తే కోత ఎప్పుడు జరిగిందో తెలుస్తుంది.

అంటే ఆ కొండచరియ వాతావరణ చరిత్ర మొదట కూలి లెక్కగా రాయబడింది. తెర్వార్‌ను శతాబ్దాల పొడవునా చదవగలుగుతున్నామంటే, ఎవరో గుమాస్తా కూలీల పైకం రాసిపెట్టడం వల్లనే. మార్గదర్శి వ్యాఖ్యానంలో అనపేక్షితమని జారిపోయిన పంక్తి, ఆ స్థలపు ప్రాచీన పాఠ్యంలో మొదటి పంక్తి. వ్యాఖ్యాత మూలంలో ఉన్నదాన్నే విడిచిపెడుతున్నప్పుడు దానిని సంక్షేపం అనలేము, పాఠలోపం అనాలి.

ఈ లోపం వర్తమానంలో ఎంత భారమైనదో పొరుగునున్న షాంపేన్ ప్రాంతం చూపింది. అక్కడ 2023 సెప్టెంబరు కోతల సమయంలో తీవ్రమైన ఎండల మధ్య కొందరు కూలీలు మరణించారు. అదే కోతల కాలంలో పశ్చిమ ఆఫ్రికా దేశాలకు చెందిన 50 మందికి పైగా కూలీలను అమానుషమైన వసతిలో ఉంచిన కేసులో, 2025 జూలైలో షాలోఁ-ఆఁ-షాంపేన్ న్యాయస్థానం ముగ్గురిని మానవ అక్రమ రవాణా నేరం కింద దోషులుగా నిర్ధారించింది. బర్గండీ సొంతదారులందరినీ ఆ నేరంతో ముడిపెట్టడం అన్యాయం. అయితే ఎండ గురించి ఇంత వివరంగా మాట్లాడే పాఠ్యం, ఆ ఎండలో నిలబడిన మనిషి గురించి మాట్లాడకపోవడం యాదృచ్ఛికమని కూడా అనలేము.

బార్త్ ఈ చిక్కును ముందే గుర్తించాడు. వైన్ మీద అంత చమత్కారంగా రాసిన వ్యాసాన్ని ఆయన చివరకు అల్జీరియా వైపు మళ్ళించాడు. భూమి కోల్పోయిన ముస్లిములకు రొట్టె కరువై ఉండగా, వారికి పనికిరాని ద్రాక్షపంటను అదే భూమిలో వలస భూస్వాములు వేయించారని గుర్తుచేసి, వైన్ ఎంత రుచికరమైనదైనా అమాయకంగా ఆనందించగల పదార్థం కాలేదన్నాడు. ఆనందాన్ని నిరాకరించమని ఆయన చెప్పలేదు. దాని ఉత్పత్తిని మరచిపోవడాన్ని నిరాకరించాడు.

7. ఒక పగలు, ఒక పట్టణం: క్రీడాభిరామం

ఒకే రోజులో చుట్టివచ్చే విహారాన్ని సాహిత్యరూపంగా మలచిన గొప్ప రచన తెలుగులో ఉంది. వినుకొండ వల్లభరాయని పేరిట ప్రసిద్ధమై, శ్రీనాథ కర్తృత్వవాదానికి కూడా గురియైన క్రీడాభిరామంలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగంటి వీధుల్లో తిరుగుతారు. నడకే కథ, వీధే రంగం. బర్గండీ పర్యటనకు, ఈ వీథి రూపకానికి నిర్మాణంలో పోలిక స్పష్టం. రెండింటా కాలపరిమితి ఒక దినం, రెండింటా మజిలీల వరుస, రెండింటా భోజనం ఒక ముఖ్యఘట్టం.

తేడా మరొకచోట ఉంది. క్రీడాభిరామంలో పూటకూటి భోజనం పద్యంలోకి వచ్చినప్పుడు వంటకాలతోపాటు అది ఎవరి ఇంట దొరుకుతుందో, ఎంతకు దొరుకుతుందో కూడా వస్తుంది. లక్ష్మణవజ్ఝల ఇల్లు, రూక ధర రెండూ రసానుభవంలో భాగమే. డబ్బు మాట ఎత్తితే సౌందర్యం చెడుతుందన్న శంక ఆ కవికి లేదు. ఆధునిక పర్యటనలో అన్ని ఖర్చులూ ఒకే మొత్తంలో కలిసిపోయి ముందే చెల్లింపబడతాయి. దారిపొడవునా డబ్బు ప్రసక్తి రాదు. ధర కనిపించకపోవడంతో కూలి కూడా కనిపించకుండా పోతుంది.

క్రీడాభిరామం దోషరహితమైన చూపు అని దీని అర్థం కాదు. ఆ విహారుల చూపు ప్రధానంగా పురుషుల చూపు, వీధిలోని స్త్రీలను వారు వర్ణించిన తీరు నేటి విమర్శకు లోబడవలసిందే. అయినా బతుకుతెరువులతో కిక్కిరిసిన వీధిని ఆ కావ్యం ఖాళీ చేయలేదు. సైకిలు దారి పక్కనున్న తోట మాత్రం మనుషులు లేని ప్రకృతిదృశ్యంగా మన ముందుకు వస్తున్నది.

8. తెలుగు విమర్శకు దీని అవసరం

ఫ్రాన్సులోని ఒక విహారాన్ని తెలుగు పరిశోధకులు ఎందుకు పట్టించుకోవాలన్న ప్రశ్న సహజం. విదేశయానం చేసే తెలుగువారు పెరిగారు, వారి యాత్రారచనలూ పెరిగాయి, వాటిని చదవడానికి సాధనాలు కావాలి అన్నది ఒక సమాధానం. అంతకంటె దగ్గరి సమాధానం మన తాటిచెట్టు కింద ఉంది.

తెలంగాణలో గీతకార్మికులు పోద్దాడు, పరుపుదాడు, పండుదాడు అని చెట్టును బట్టి, కాలాన్ని బట్టి కల్లును వేరుచేసి చెబుతారు. ఏ చెట్టు కల్లు ఎట్లా ఉంటుందో తాగేవారికి తెలుసు, గీసేవారికి ఇంకా బాగా తెలుసు. స్థలగుణం, ఋతుగుణం, చేతిగుణం కలిసిన ఈ జ్ఞానం తెర్వార్‌కు ఏ విధంగానూ తీసిపోదు. అయితే దాని పదజాలం వృత్తి మాటగా మిగిలింది, ఆస్వాదన శాస్త్రంగా గౌరవం పొందలేదు. 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ ప్రారంభమైంది. తాటినీరా పల్లె నుంచి నగర విహారస్థలానికి వచ్చింది. రేపు తాటివనాల నడుమ సైకిలు విహారాలు, నీరా ఆస్వాదనలు ఏర్పడడం ఊహకందని విషయం కాదు. అప్పుడు రాసే పాఠ్యంలో చెట్టు ఎక్కే మనిషి ఉంటాడా?

చెట్టు మీద నుంచి పడి గీతకార్మికులు మరణించడం, వికలాంగులు కావడం తెలంగాణలో ఏటా వినే వార్త. ఆ ప్రమాదాలను తగ్గించడానికే 2024లో రాష్ట్రప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరిట భద్రతా పరికరాల పంపిణీ మొదలుపెట్టింది. మోకు, ముత్తాదు, గీతకత్తి అన్న మాటలు తెలియకుండా నీరా రుచిని వర్ణించే వ్యాసం, కూలి పద్దు చదవని తెర్వార్ ప్రసంగానికి తోబుట్టువే అవుతుంది.

9. ముగింపు

ఈ పరిశీలన నుంచి మూడు నిర్ణయాలు చేయవచ్చు. ఒకటి, మార్గదర్శక పర్యటన యాత్రికుని రచన కంటె ముందే రచితమైన పాఠ్యం. యాత్రాసాహిత్య విమర్శ దానిని మూలంగా గ్రహించి చదవాలి. రెండు, పాకం, వ్యాఖ్యానం, రసం అన్న మన భావనలు కావ్యాలకే పరిమితం కావు. పర్యాటకం వంటి వర్తమాన ప్రక్రియలను చదవడానికీ అవి సమర్థమైన పనిముట్లు. మూడు, ఈ పర్యటనలో సైకిలుది, గ్లాసుది వేరువేరు స్వభావం. సైకిలు మనిషిని తోట పక్కన, పనిచేసేవాని ఎదుట నిలబెడుతుంది. గ్లాసు ఆ తోటను ఒక పేరుగా, ఒక ధరగా కుదిస్తుంది. సైకిలు మీద చూసినదాన్ని గ్లాసు దగ్గర మరచిపోనివ్వని వ్యాఖ్యానం మంచి వ్యాఖ్యానం.

అటువంటి వ్యాఖ్యానానికి కొత్తగా వెతకవలసిన సామగ్రి ఏదీ లేదు. బోన్ చర్చి లెక్కల్లో గుమాస్తా రాసిన కూలి పద్దు ఉంది. మార్గదర్శి నేలమాళిగలో గ్లాసు నింపేముందు ఆ పద్దు సంగతి ఒక్క వాక్యంలో చెప్పినా, వినేవారి నాలుక మీద రుచి తగ్గదు. ఆ రుచిలో ఎవరి పాలు ఎంతో తెలుస్తుంది.